అటక మీద నాలుగు ఆదివారాలు

నేను ఒక ఇనుప డేగిసాను. చీరాలలో సుగుణమ్మ గారింట్లో నన్ను "బండోడు" అంటారు. ఆ పేరు నాకు బొత్తిగా నచ్చదు గానీ, నన్ను ఒంటిచేత్తో ఎత్తబోయి నడుం పట్టేసిన వాళ్ళు పెట్టిన పేరు కాబట్టి సర్దుకుపోతున్నాను. నా మూత చూశారా? అంచులు పైకి లేచి పళ్ళెంలా ఉంటుంది. దాని మీద నిప్పులు పోస్తారు. కింద నిప్పు, పైన నిప్పు, మధ్యలో మిరియాలూ అల్లం వెల్లుల్లీ పట్టించిన నిండు కోడి. కడుపులో బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ దాని కందనకాయా కూరి పెడతారు. మూత తీసేసరికి కోడి తన కొవ్వులో తానే కాలి ఎర్రగా నిగనిగలాడుతుంది. మీ స్టీలు గిన్నెలను ఆ పని చెయ్యమనండి చూద్దాం! గొప్పలు పోతున్నాననుకున్నా సరే, నాకేం బాధ లేదు.

విరిగిన యంత్రాల ముక్కలు కరిగించి ఇసుక అచ్చులో పోస్తే పుట్టాను. మొదట ఒక క్రైస్తవ మిషను దొరసాని బంగళాకు చేరాను. ఆమె పేరుకే యజమానురాలు, నన్ను తోమిందీ మసి పట్టించిందీ వంటమనిషి అన్నమ్మ. దొరసాని తన దేశం వెళ్ళిపోతూ అన్నమ్మకు ఒక బైబిలూ నన్నూ ఇచ్చింది. అన్నమ్మ బైబిలు మొగుడి చేతికిచ్చి, నన్ను నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచింది. ఆమె తర్వాత ఆమె కొడుకు సాల్మన్‌రాజుకూ, ఆయన భార్య సుగుణమ్మకూ వచ్చాను.

ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఇంటిల్లిపాదీ వంటింట్లో నా చుట్టూ చేరి రోస్టు కోడి తినాలి. ఇది ఈ ఇంటి కట్టుబాటు. సోమవారం మూతి ముడుచుకున్నవాడు కూడా ఆదివారానికి ఆకలేసి వచ్చేవాడు. మనుషులు క్షమించుకోవడమంటే ఏదో పెద్ద మాట అనుకుంటారు గానీ, నేను చూసినంతలో సగం క్షమాపణలు ఆకలి పుణ్యమే. ఒక్క ఆగమన కాలంలో మాత్రం, అంటే క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ, రోస్టు లేదు. నన్ను తోమి అటకెక్కిస్తారు. ఎవరిళ్ళలో వాళ్ళు పప్పూ పులుసూ తింటారు. ఈ నియమం అన్నమ్మ పెట్టింది. "వారం వారం తినేదే పండగ ముందురోజు దాకా తింటా ఉంటే, ఇంక అది పండగెట్టా అవుద్దిరా?" అనేది.

అటక మీద ఉండటం నాకు ప్రాణసంకటం. చీరాలలో సముద్రపు గాలి ఉప్పుగాలి. పొయ్యి ఎక్కకుండా ఊరికే కూర్చుంటే నాకు తుప్పు పడుతుంది. అందుకని సాల్మన్‌రాజు ఆ నాలుగు వారాలూ అటకెక్కి, పాత పంచె ముక్కతో నాకు నువ్వుల నూనె రాసేవాడు. పెద్దకొడుకు ప్రభుదాసు కింద స్టూలు కదలకుండా పట్టుకునేవాడు. సాల్మన్‌రాజు నిరుడు వానాకాలం చివర ఆస్పత్రిలో పోయాడు. అంతటితో నా సంగతి కూడా అయిపోయిందనుకున్నాను.

ఆయన పోయాక ఇంట్లో మళ్ళీ మొదటిసారి రోస్టు చేసింది ఆగమన కాలానికి ముందు ఆదివారం. వద్దన్నా ఆ రోజు నా కళ్ళ ముందు నుంచి పోదు. కోడికి ఒకటే కందనకాయ. అన్నమ్మ కాలంలో అది ఆమె మొగుడికి, తర్వాత సాల్మన్‌రాజుకు. ఆ రోజు సుగుణమ్మ గరిటెతో దాన్ని పైకి తీసి, ఒక్క క్షణం ఆగి, ప్రభుదాసు పళ్ళెంలో వేసింది. పక్కనే కూర్చున్న చిన్నకొడుకు కరుణాకర్ ముఖం నల్లబడింది.

"వెయ్యమ్మా, వెయ్యి. నాన్న మంచాన పడితే ఆస్పత్రి గడప తొక్కనోడికే వెయ్యి. పెద్దకొడుకు గదా!"

"ఏందిరా నువ్వనేది?" అన్నాడు ప్రభుదాసు.

"ఉన్నమాటే. నాన్న పక్కన నేనున్నా. నువ్వెక్కడున్నావు?"

ప్రభుదాసు కరెంటాఫీసులో లైన్‌మన్, కాపురం వేరే ఇంట్లో. ఎంత గాలివానలోనైనా స్తంభమెక్కే మనిషి. ఆ మాటను మాత్రం తట్టుకోలేకపోయాడు. పళ్ళెం పక్కకు నెట్టి, ఎంగిలి చేత్తోనే లేచాడు. "ఇంకీ గుమ్మం తొక్కితే నన్ను మనిషనొద్దు" అని వెళ్ళిపోయాడు. కందనకాయ పళ్ళెంలోనే చల్లారిపోయింది.

మామూలప్పుడైతే నేను బెంగపడేవాణ్ణి కాదు. వచ్చే ఆదివారం ఉందిగా అనుకునేవాణ్ణి. ఈసారి వచ్చే ఆదివారం లేదు! ఇంట్లో మంట రేగిన సమయం చూసి నన్ను అటకెక్కించారు. ఈ మనుషుల తెలివిని ఏమనాలి?

మొదటి ఆదివారం ప్రభుదాసు గుళ్ళో వెనక వరసలో కూర్చుని, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయాడట. వంటింట్లో చెప్పుకుంటుంటే విన్నాను. రెండో ఆదివారం అందరూ ఆరాధనకు వెళ్ళారు. అప్పటికే నా అంచున తుప్పు గరగరలాడుతోంది. పెరటి వైపు వంటింటి గడియ మెల్లగా తీసిన చప్పుడైంది. దొంగేమో అనుకున్నాను. స్టూలు జరిగింది. ఒక చెయ్యి పైకొచ్చి నా చెవులు తడిమింది. ఆ చేతిలో సాల్మన్‌రాజు పంచె ముక్క ఉంది, నువ్వుల నూనె వాసన వచ్చింది.

ప్రభుదాసు! నా లోపలా బయటా ఓపిగ్గా రాశాడు. రాస్తూ రాస్తూ ఆగిపోయి, నా మీద తల ఆనించాడు. "రెండుసార్లు ఆస్పత్రి గేటు దాకా వచ్చా నాన్నా. నిన్నట్టా గొట్టాలతో చూడాలంటే భయమేసింది. అంతకన్నా ఏం లేదు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. గుళ్ళోంచి చివరి పాట వినపడేసరికి ముఖం తుడుచుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

కాసేపటికి సుగుణమ్మ వాళ్ళు తిరిగొచ్చారు.

"చూశావా, గుడి కూడా మానేశాడు" అన్నాడు కరుణాకర్. "ఇంక మనల్నేం తలుచుకుంటాడు?"

అతను అటు వెళ్ళగానే అతని భార్య హేమలత గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఈ ఒక్క ఏడాదికి బండోణ్ణి దించుదాం. రోస్టు చేశామని కబురంపితే బావగారు రాకుండా ఉంటారా? పండగ దాకా ఇట్టాగే వదిలేస్తే ఇంక రారేమోనని నాకు భయంగా ఉంది."

సుగుణమ్మ స్టూలు లాగి ఎక్కింది. చెయ్యి చాచింది. అబ్బ, ఆ క్షణం! ముట్టుకో తల్లీ, ఒక్కసారి ముట్టుకో, నూనె వేలికంటితే చాలు, నీ కొడుకెక్కడున్నాడో నీకే తెలుస్తుంది అని లోలోపల గింజుకున్నాను. ఇనుముకు నోరెక్కడిది? ఆమె చెయ్యి జానెడు దూరంలో ఆగింది.

"వద్దులే హేమా. ఆయన పోయిన ఏడాదే ఆయనమ్మ పెట్టిన పద్ధతి కూడా పోవాలా? పిలిస్తే మొహమాటానికి వస్తాడు. వాడికి మనమీద ఆకలి పుట్టి రావాల" అంటూ దిగిపోయింది. మాటయితే అంది గానీ, ఆ రోజు పప్పన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

ఆ తర్వాత రెండు ఆదివారాలూ అదే తంతు. గుళ్ళో ప్రభుదాసు చోటు ఖాళీ, ఇక్కడ అటక మీద అతను. సుగుణమ్మ అక్కడ కొడుకు కోసం వెతుక్కుంటుంటే, వాడు ఇక్కడ దొంగలా నాకు నూనె రాస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు. పండగ దగ్గరపడే కొద్దీ దిగులు పట్టుకుంది.

పండగ ముందురోజు మధ్యాహ్నం కరుణాకర్ నన్ను కిందికి దించాడు. తుప్పు తోమడానికని సుగుణమ్మ ఇటుకపొడి కలుపుకుని సిద్ధంగా కూర్చుంది. నన్ను ముట్టుకుని ఉలిక్కిపడింది. వేళ్ళు వాసన చూసుకుంది.

"నూనె ఎవరు రాశారే?"

హేమలత తనకు తెలియదంది. "దీనికి నూనె కూడా రాస్తారా?" అన్నాడు కరుణాకర్.

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు తెలీదురా. మీ నాన్న ఆ పని మీ అన్నొక్కడికే నేర్పాడు. ఆదివారం ఆదివారం గుళ్ళో కనపడనోడు ఎక్కడున్నాడో ఇప్పుడు తెలిసింది నాకు." కరుణాకర్ వైపు తిరిగి అంది: "నేను పిలవను. మాట జారింది నువ్వు. వెళ్తే నువ్వే వెళ్ళాల."

కరుణాకర్ తల వంచుకుని బయటికి పోయాడు. ఆ రోజు వెళ్ళలేదు. పండగ రోజు ఆరాధన అయ్యాక మాత్రం ఇంటికి రాకుండా స్కూటరెక్కి ఎటో పోయాడు.

నేను పొయ్యి మీదున్నాను. కోడి కాలింది. నిప్పులు బూడిద పట్టాయి. "తీసేద్దామా అత్తయ్యా, మాడిపోద్దేమో" అంది హేమలత. "ఉండనీ" అంది సుగుణమ్మ, కళ్ళు గుమ్మం మీదే పెట్టి. నా వంతుగా నేను వేడి బిగబట్టుకుని కూర్చున్నాను.

స్కూటరు చప్పుడైంది. ఒకే స్కూటరు, ఇద్దరు మనుషులు. దారిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ప్రభుదాసు వచ్చి తన చోట కూర్చున్నాడు.

సుగుణమ్మ మూత తీసింది. గరిటె మీదికి కందనకాయ వచ్చింది. అందరి చూపూ దాని మీదే.

"అన్నకెయ్యమ్మా" అన్నాడు కరుణాకర్.

"నాకొద్దు. నాన్న దగ్గరుంది వాడు. వాడికెయ్యి" అన్నాడు ప్రభుదాసు.

సుగుణమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దాన్ని తన నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"దీనికేనంట్రా మీరు కొట్టుకుంది? రబ్బరు మాదిరి ఉంది!"

హేమలత పకాలున నవ్వింది. ప్రభుదాసు నవ్వబోయి ఆగాడు.

"నువ్వెప్పుడూ తినలేదామ్మా?"

"నాకెవరు పెట్టారురా?" అంది ఆమె, మామూలుగానే.

అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకున్నారు. నేనూ సిగ్గుపడ్డాను. ఇన్నేళ్ళుగా కందనకాయలన్నీ నా కడుపులో ఉడికినవే, ఆమె పళ్ళెం వైపు నేనూ ఏనాడూ చూడలేదు.

ఇప్పుడు కందనకాయ ఎవరిదని ఎవరూ అడగరు. సుగుణమ్మ పళ్ళెంలో పడ్డాకే మిగతావాళ్ళు ముద్ద ఎత్తుతారు. రబ్బరని విసుక్కుంటూనే ఆమె ఒక్క ముక్క మిగల్చదు.

మళ్ళీ ఆగమన కాలం వచ్చింది. నేను అటక మీదున్నాను. కింద స్టూలు జరిగిన చప్పుడు వినిపిస్తోంది. ఒకడు ఎక్కుతున్నాడు, ఇంకొకడు కదలకుండా పట్టుకున్నాడు.