తగ్గిందన్న మాట

నా కూతురి ఎడమకంటి చూపు సగం పోయింది మా అల్లుడి వల్ల. ఇందులో వాదించడానికేమీ లేదు. నా భార్య కడుపులో పుండుతో పోయింది. అది తలరాత. ఇది కాదు.

ఇదంతా అమ్మాయే చెప్పింది. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. లోపల ఊడిన పొర అతుక్కునేదాకా ముఖం నేలవైపే ఉంచాలన్నారు. మా ఇంట్లో మంచం అంచున నుదురు ఆనించి, బోర్లా పడుకుని, నా కూతురు నేలతో మాట్లాడింది. నేను కింద కూర్చుని విన్నాను. ఎదురుగా ఎవరి ముఖమూ కనబడకపోతే ఆడది ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. వాళ్లమ్మ ఎన్నడూ ఇలా మాట్లాడలేదు.

అమ్మాయికి బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పని. కింద లైటు వెలిగే టేబుల్ మీద తెల్లగుడ్డ కదులుతూ ఉంటుంది. మరక కనబడితే ఎర్ర స్టిక్కర్ అంటించాలి. ఒకరోజు తను అంటించిన స్టిక్కర్ల దగ్గర ఏ మరకా లేదు. సూపర్‌వైజర్ ఆ గుడ్డని అందరి ముందూ పరిచి, “ఏదమ్మా మరక, నాక్కూడా చూపించు” అన్నాడట. పక్క టేబుళ్ల వాళ్లు నవ్వారు. మరకలు గుడ్డలో లేవు, తన కళ్ల ముందు తేలుతున్నాయని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఒక పరీక్ష పెట్టుకుంది. కన్ను తిప్పితే మరక కూడా వెంట వస్తే అది నాది, ఉన్నచోటే ఉంటే గుడ్డది. ఇంటికొస్తే పప్పు ఏరేటప్పుడూ అదే, పాలగిన్నెలోనూ అదే. చీమనుకుని తుడిచిన గోడే మళ్లీ తుడిచేది. “పొద్దస్తమానం తప్పులు వెతికే ఉద్యోగమాయె, కళ్లు ఊరుకుంటాయా” అని అత్తగారు నవ్వేదట.

అల్లుడు కళ్లకని ఆకుల పొడులూ విటమిన్ బిళ్లలూ ఇల్లిల్లూ తిరిగి అమ్ముతాడు. కళ్ల ముందు తేలే నలకలు కరిగిపోతాయని డబ్బా మీద రాసి ఉంటుంది. అమ్మాయికీ అవే, పరగడుపున పొడి, పడుకునేముందు బిళ్ల, మధ్యలో కంట్లో తేనెచుక్కలు. డాక్టరుకి చూపించమంటే, “హోటలువాడి పెళ్లాం పక్క హోటల్లో తింటే మనకి బేరం ఉంటుందా?” అన్నాడు. ఆదివారాలు కొనేవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టేవాడు. అమ్మాయి టీలిచ్చి, ట్రే పట్టుకుని నిలబడాలి. “నువ్వే చెప్పు, తగ్గిందా లేదా?” మొదటిసారి ఏమనాలో తెలియక గోడవైపు చూసిందట. గోడ మీద నలకలు తేలుతూనే ఉన్నాయి. “తగ్గింది” అంది. ఆ పూట మొగుడు మంచిగా మాట్లాడాడు. తర్వాత ఆ మాట నోటికి అలవాటైంది. నిజంగానే తగ్గిందేమోనని కొన్నాళ్లు అనుకుంది కూడా. తగ్గలేదు, పట్టించుకోవడం మానేసింది, అంతే. కానీ లోపల ఒకటే గుబులు. ఇన్నిసార్లు తగ్గిందన్న నోటితో, రేపు ఎక్కువైతే ఎలా చెప్పాలి?

ఎక్కువైంది. టేబుల్ దగ్గర ఉండగా కంటిపక్కన మెరుపులు, ఆ వెంటనే మసి చల్లినట్టు నలకలు. ఫోన్ చేస్తే మొగుడు, మందు పనిచేస్తోంది, కరిగేముందు అలాగే ఉంటుంది, ఎవరితోనూ అనకు అన్నాడు. అమ్మాయి మిగిలిన గుడ్డ చూసింది, ఇంటికెళ్లి వంట చేసింది, గిన్నెలు తోమింది. కంటికి ఓ మూల నుంచి నల్లటి తెర లేస్తుంటే అలవాటు కొద్దీ కన్ను తిప్పి చూసింది. ఎటు చూస్తే అటే వచ్చింది. “నాదే అనుకున్నాను నాన్నా. గుడ్డది కాదు కదా, పర్లేదులే అనుకున్నాను.”

ఆదివారం ట్రే పట్టుకుని నిలబడేసరికి ఎదుటి మనిషి ముఖంలో సగం కనబడలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పొడులూ బిళ్లలూ నలకల్ని కరిగించవని డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి అవి ఉన్నా ప్రమాదం లేదట, మెల్లగా అలవాటైపోతాయట. మెరుపులు వచ్చిన రోజే రావలసింది అంది.

నిన్న అల్లుడు వచ్చాడు. వాళ్ల వీధి టీచరమ్మ కూడా పలకరించడానికి వచ్చింది. అతను అందరికీ శుక్లాల ఆపరేషన్ అని చెప్పాడు. ఆవిడ మంచం పక్కన నిలబడి, తనూ ఆ బిళ్లలే వాడుతున్నాననీ, ముందురోజు నుంచి కంట్లో మెరుపులు వస్తున్నాయనీ అంది.

“అలాగే ఉంటుందండీ, మా ఆవిడకీ అంతే. తగ్గిపోయింది” అన్నాడు అల్లుడు.

“తగ్గలేదండీ” అంది నా కూతురు, తల ఎత్తకుండానే. “ఒక్కరోజు కూడా తగ్గలేదు. ఉత్తినే చెప్పాను. ఇంటికి కూడా వెళ్లకండి, ఇట్నుంచి ఇటే ఆసుపత్రికి వెళ్లండి.”

ఆవిడ వెళ్లిపోయింది. అల్లుడు నావైపు తిరిగి, “బోర్లా పడుకున్నా నోరు ఊరుకోదు. మావయ్యా, మీరైనా చెప్పండి” అన్నాడు. నేను లేచి తలుపు తీశాను.

అతను పోయాక అమ్మాయి, “నేనింక ఆ ఇంటికి వెళ్లను నాన్నా” అంది. సరే అన్నాను.

“అమ్మ కూడా కడుపునొప్పి తగ్గింది, తగ్గింది అనేది” అంది నేలతో. “నువ్వు ఎప్పుడడిగినా అదే మాట. ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

అల్లుడు చేసింది ఎవరడిగినా చెబుతాను, ఎన్నిసార్లయినా చెబుతాను. వాళ్లమ్మ సంగతి మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడను.