మూడు బేరింగుల బండి

వేసవి సెలవులిచ్చిన మూడో రోజుకే పిడుగు ఇంటిపట్టున ఉండటం మానేసింది. ఆ పిల్లకు పదేళ్లు. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉండేది గానీ, వీధిలో ఒక్కరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. పక్కింటి పొట్టీ తనూ కలిసి పెరట్లో బండి తయారుచేస్తున్నారు. కూర్చోవడానికి చెక్కపెట్టె పలక, కింద చక్రాలుగా ముందొకటి వెనక రెండు బేరింగులు, ముందు చక్రాన్ని తిప్పడానికి రెండు తాళ్లు.

బేరింగులు నాన్న తెచ్చినవే. ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. అరిగిపోయి మూల పడేసిన వాటిలోంచి మంచివి మూడు ఏరి, కిరసనాయిలుతో కడిగి, గుడ్డలో చుట్టి తెచ్చి గూట్లో పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఆయన తీరే అంత. రోజు మొత్తమ్మీద పది మాటలాడితే అందులో ఆరు అన్నం దగ్గరే అయిపోయేవి.

నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై గోదాము దాకా దిగే తారురోడ్డంటే పిల్లలందరికీ ప్రాణం. వాహనాలు అట్టే తిరగవు. సగం దిగాక ఒక మలుపు, దాని పక్కనే మురిక్కాలువ. బండి మీంచి పడకుండా ఆ మలుపు దాటితేనే మొనగాడి కింద లెక్క. దర్జీగారి కొడుకు బొంగరం అప్పటికి రెండేళ్లుగా ఆ రోడ్డుకు రాజు.

"ఆదివారం పందెం. నీ డొక్కుబండి మలుపు దాకా వస్తే అదే పదివేలు," అన్నాడు వాడు.

"మలుపు తర్వాత నా వీపు చూసుకుంటూ రా," అంది పిడుగు.

శుక్రవారం సాయంత్రం పొట్టి తప్ప ఎవరూ లేనప్పుడు మొదటిసారి దిగి చూసుకుంది. బేరింగులు గరగరా అరుస్తున్నాయి, గాలి చెంపల మీద కొడుతోంది. మలుపు రానే వచ్చింది. తాడు లాగింది. చక్రం ఇసుకలో జారి, బండొకవైపు తనొకవైపు పడ్డారు. మోకాలు దోక్కుపోయింది.

"మా అమ్మకు చెప్పావో, నీతో జట్టు పచ్చి," అని పొట్టిని బెదిరించి, పరికిణీ కిందికి లాక్కుని ఇంటికెళ్లింది.

అన్నం దగ్గర ఒక కాలు చాపుకుని కూర్చుంటే అమ్మ గమనించలేదు. నాన్న తిని లేచి, పెరట్లో కుళాయి దగ్గరికి రమ్మన్నట్టు తలూపాడు. మోకాలు కడిగి, దూదితో ఒక్కొక్క ఇసుకరేణువూ తీశాడు.

"మండుతోందా?"

"లేదు."

"మరి నా చెయ్యెందుకు గిల్లుతున్నావు?"

పిడుగు చేయి వెనక్కి తీసుకుంది. తిడతాడని ఎదురుచూసింది. ఆయన మందు రాస్తూ, "మలుపులో ఏం చేశావు?" అని అడిగాడు.

"తాడు గట్టిగా లాగాను."

"ముందు ఒళ్లు లోపలివైపు వాల్చాలి. తాడు తర్వాత. అదీ మెల్లగా."

"ఏంటి తండ్రీకూతుళ్ల మంతనాలు?" అంది అమ్మ లోపలినుంచి.

"కుళాయి కారుతుంటే చూస్తున్నాం," అన్నాడు నాన్న. నాన్నకు అబద్ధాలాడటం వచ్చని పిడుగుకు ఆ రోజే తెలిసింది.

తెల్లారి లేచేసరికి బండికి కొత్తగా బ్రేకు అమరి ఉంది. చేత్తో నొక్కితే వెనక చక్రానికి ఆనుకునేలా, చెక్కకు టైరు రబ్బరు కొట్టి బిగించాడు. అడిగితే, "రబ్బరు ముక్క మిగిలిపోయింది," అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆదివారం ట్యాంకు దగ్గర ఇరవైమంది పోగయ్యారు. పొట్టి రుమాలు ఊపింది. రెండు బళ్లూ కదిలాయి. మొదట్లోనే బొంగరం ముందుకు దూకాడు. పిడుగు బండి మీద వంగిపోయి, పళ్లు బిగబట్టింది. పళ్లు కూడా బేరింగుల్లాగే గరగరలాడుతున్నాయి. మలుపు దగ్గర నాన్న సైకిలు తిరగేసి గొలుసు సరిచేసుకుంటున్నాడు. పానా పట్టుకున్న చేయి మాత్రం కదలడం లేదు.

ఒళ్లు వాల్చింది. వెనక చక్రం ఒకటి నేల వదిలింది. తాడు మెల్లగా లాగింది. బండి మాట విన్నది. ఇసుక లేదు, జారలేదు. లోపలివైపు నుంచి బొంగరాన్ని దాటేసింది. వాడు కంగారుపడి తాడు ఒక్క గుంజు గుంజాడు. బండి తిరగబడి, వాడు ఎగిరి కాలువ గట్టు మీది సంచుల్లో పడ్డాడు. మెత్తటి గుడ్డముక్కల సంచులు. నాన్న ఒక్క అంగలో వెళ్లి వాణ్ణి లేపి, దుమ్ము దులిపి, మోచేతులు తిప్పి చూశాడు. చిన్న గీత కూడా లేదు.

దర్జీగారు దుకాణంలో చెత్త తెచ్చి పడేశారని పిల్లలంతా అనుకున్నారు. పాతికేళ్ల తర్వాత ఎక్కడో పెళ్లిలో దర్జీగారు కలిస్తే గానీ పిడుగుకు అసలు సంగతి తెలియలేదు. "రెండు రోజులు మీ నాన్న పొద్దున్నే చీపురు పట్టుకొచ్చి మలుపులో ఇసుకంతా ఊడ్చాడమ్మా. నా దగ్గరున్న ముక్కలన్నీ సంచుల్లో కుక్కి గట్టు మీద పేర్చాడు. పిల్లలకు తెలిస్తే సరదా పోతుంది, చెప్పకు అన్నాడు," అన్నారాయన.

కానీ ఆ ఆదివారం ఆమెకు అవేవీ తెలియవు. గోదాము తలుపు ముట్టుకుని, బండిని ఈడ్చుకుంటూ అరుచుకుంటూ పైకి పరిగెత్తింది. "చూశావా నాన్నా, చక్రం లేచింది, అయినా పడలేదు, చూశావా?" అని అడిగిందే అడిగింది.

"చూశాను," అన్నాడు నాన్న. ఆ పైన కాసేపు బండినే చూస్తూ నిలబడి, మెడ వెనక గోక్కుని, "ఇద్దరు పడతారా దీనిమీద?" అన్నాడు.

పిల్లలంతా నోళ్లు తెరిచారు. అందరూ ట్యాంకు దగ్గరికి ఎక్కాక, నాన్న మోకాళ్లు చెవులదాకా మడుచుకుని కూర్చున్నాడు. ముందు పిడుగు. బొంగరం, పొట్టి కలిసి వెనక నుంచి తోశారు. అంత బరువుకు బండి ఎప్పుడూ లేనంత జోరుగా దిగింది. మలుపు దాటుతుండగా పిడుగు చెవి పక్కన వింత చప్పుడు. నాన్న నవ్వుతున్నాడు, ఒళ్లంతా కదిలిపోయేలా, పెద్దగా. అలా నవ్వగా ఆమె అంతకుముందెన్నడూ వినలేదు.

గోదాము దగ్గర బండి ఆగింది. ఆయన లేచి, నడుం పట్టుకుని, చొక్కా సర్దుకున్నాడు. పైకి నడిచేంతసేపూ పిడుగు ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. ఆయన బండి లాగుతూ ఊకొట్టాడు. ట్యాంకు దగ్గరికి చేరాక, కాస్త సిగ్గుపడుతూ, "ఈసారి నేను ముందు కూర్చుంటా," అన్నాడు.