కాల్డర్ షేర్లు

మసాచుసెట్స్‌లో మా ఊరికి రెండు కంప్యూటర్ కంపెనీలుండేవి. నదికి ఇవతల కాల్డర్, అవతల మెర్రిడాట్. రెండూ బీరువాలంత యంత్రాలు చేసి బ్యాంకులకు అమ్మేవి. మా ఆడవాళ్ల షేర్ల క్లబ్బు ఏటా చర్చి కింది గదిలో కూర్చుని, ఆపిల్ కేకు తింటూ, ఆ రెండింట్లో ఏది ఇరవై ఏళ్లు నమ్మదగ్గదో తేల్చేది.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఆ లెక్కలు చూసి చెప్పే పని క్లాడెట్ మీద పడింది. లెక్కల్లో మా అందరికంటే చురుకు. అయితే ఆమె మొగుడు రేమండ్ కాల్డర్‌లో ఫోర్‌మన్. ముసలితనానికని దాచిందంతా ఆ కంపెనీ షేర్లలోనే ఉంది. అందుకని కాల్డర్‌నే వెనకేసుకొస్తుందనుకున్నాను.

"కాల్డర్ వద్దు," అంది లేచి నిలబడి. "ఆర్డర్లు తగ్గిపోతున్నాయి, అప్పు పెరుగుతోంది. అమ్ముడుపోని సరుకు గోదాముల్లో మూలుగుతోంది. దానికంటే మెర్రిడాటే కాస్త నయం."

"కూడు పెట్టే కంపెనీనే తిట్టిపోస్తున్నావేమే!" అని ఐరీన్ ఎగతాళి చేసింది.

క్లాడెట్ నవ్వలేదు. చేతులెత్తి ఓటేశాం. క్లబ్బు దగ్గరున్న కాల్డర్ షేర్లు అమ్మేసి మెర్రిడాట్ కొన్నాం.

"నాతో మా ఇంటికి రా నోర్మా," అంది క్లాడెట్ నన్ను పట్టుకుని. "నేను చెబితే వినడు. నువ్వుంటే కనీసం అరవడు."

మేం వెళ్లేసరికి రేమండ్ బీన్సు తింటున్నాడు. చెప్పిందంతా విన్నాడు. నిజంగానే అరవలేదు.

"నీ లెక్క తప్పని నేననను," అన్నాడు. "కానీ పోయినేడు మా ఫ్యాక్టరీలో గాస్టన్ షేర్లు అమ్ముకున్నాడు. ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నం వాడి పక్కన కూర్చుని తినేవాడే లేడు. ద్రోహి అని పేరు పెట్టారు."

"కూర్చోకపోతే చచ్చిపోతావా? ముసలితనంలో ఏం తింటాం, నీ పరువా?"

"లియో, మార్సెల్... రోజూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లం, ఎన్నేళ్ల స్నేహం క్లాడెట్! వాళ్లంతా షేర్లు పట్టుకుని ఉంటే నేనొక్కణ్ణే మెల్లగా జారుకోనా?"

ఆమె బతిమాలింది, సగమైనా అమ్మమంది, ఏడ్చింది. సంతకం పెట్టాల్సింది అతను. పెట్టలేదు. ఆ మొండి మనిషి చెంప వాయించాలనిపించింది నాకు.

రెండేళ్లు తిరక్కుండానే కాల్డర్ మూతపడింది. దాని షేరు చిత్తుకాగితమైపోయింది. మేమెంతో తెలివిగా కొన్న మెర్రిడాట్ కొన్నాళ్లు ఈడ్చి అదీ పోయింది. బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చి రెండింటినీ మింగేశాయి. మేం వాటి వంక చూస్తేగా! క్లబ్బుకు పోయింది చేతిఖర్చు డబ్బులు. క్లాడెట్‌కు మాత్రం ఉన్నదంతా ఊడ్చుకుపోయింది.

లియో ఫ్లోరిడా వెళ్లిపోతూ చెప్పిపోదామని వచ్చిన రోజు నేనూ క్లాడెట్ వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. అక్కడ సముద్రం ఒడ్డున ఇల్లు కొన్నాడట.

"అంత డబ్బెక్కడిది లియో?" అని క్లాడెట్ అడిగింది.

"ఇంకెక్కడిది, షేర్లదే," అన్నాడు తాపీగా. "ధర ఉన్నప్పుడే చాటుగా వదిలించుకున్నాం కదా, నేనూ, మార్సెల్, మన బల్ల దగ్గరి వాళ్లందరం. నువ్వూ అమ్మే ఉంటావనుకున్నాం రేమండ్. ఏం, అమ్మలేదా?"

రేమండ్ అతని కప్పులో మళ్లీ కాఫీ పోశాడు.

"అమ్మకేం," అన్నాడు. "నేనూ అప్పుడే అమ్మేశాను."

నాకు దుఃఖం ఆగలేదు, కిటికీ వైపు తిరిగాను. క్లాడెట్ సూపర్ మార్కెట్ వాళ్లిచ్చిన ఎర్ర కోటు తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయింది.