లప్పం కింద కాగితం

ఎలాదియో పోయిన నెలకే నాకు ఇంట్లో కూర్చోవడం చేతకాకుండా పోయింది. కాఫీ గిన్నె కడిగి బోర్లించడం, ఆయన కెమెరా మెడలో వేసుకోవడం, వీధిలో పడటం. మా పేట లోయర్ ఈస్ట్ సైడ్‌లో పాత ఇటుక బిల్డింగులన్నిటికీ ముందు గోడకు ఇనుప మెట్లుంటాయి, నిప్పంటుకుంటే కిటికీలోంచి దూకి దిగిపోవడానికి. అంతస్తుకొక ఇనుప అరుగు, అరుగుకూ అరుగుకూ మధ్య ఏటవాలు మెట్లు. మా ఆయన ముప్పై ఏళ్ళు వాటికి రంగులేసి బతికాడు. ఆయన చెయ్యి పడిన మెట్లన్నీ ఫోటో తీయాలని నాకు పట్టుకుంది. ఎందుకంటే చెప్పలేను. ఒకటి తీసేసరికి ఇంకొకటి గుర్తొచ్చేది. అది తీసేదాకా కాలు నిలిచేది కాదు. పదకొండు గంటల ఎండలో ఆ మెట్ల నీడలు గోడంతా నల్లటి అల్లికలా పరుచుకుంటాయి. ఆ వేళకు ఏ వీధిలో ఉండాలో లెక్క వేసుకుని పరుగెత్తేదాన్ని. రెండేళ్ళలో మూడు ఆల్బములు నిండాయి.

"పోయినోళ్ళకి అందరూ కొవ్వొత్తి వెలిగిస్తారు. నువ్వేంటే ప్రోవీ, తుప్పు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తావు?" అనేది మూడో అంతస్తు నెరేయిదా. నేనూ ఆమే మా ద్వీపంలోని పోన్సె నుంచి ఒకే విమానంలో వచ్చినవాళ్ళం. ఆమె నోటికి నేను ఎప్పుడో అలవాటుపడ్డాను.

ఆ మార్చిలో నెరేయిదా తన అరుగు మీద మిరప మొక్కకు నీళ్ళు పోస్తుంటే కాలి కింద ఇనుము కదిలింది. గోడలోంచి ఇటుక పెళ్ళ ఒకటి ఊడి కింద పేవ్‌మెంటు మీద పడింది. ఆ అరుగు పక్క గదిలో ఆమె మనవరాళ్ళిద్దరు పడుకుంటారు. మా బిల్డింగులో లోపలి మెట్లు కర్రవి, వంద ఏళ్ళవి. నిప్పంటూ వస్తే అయిదంతస్తుల వాళ్ళకూ ఆ ఇనుమే దిక్కు. ఓనరుకు కబురు పెడితే మెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, కుండీలు పెట్టి బరువెక్కించింది మీరే అని జవాబొచ్చింది. దాంతో అయిదో అంతస్తులో ఉండే బస్సు డ్రైవరు వీతో అందరి చేతా సంతకాలు పెట్టించి కోర్టుకు వెళ్ళాడు. గురువారం వాయిదా. ఉచితంగా వాదించే లాయరమ్మ, జడ్జి వచ్చి చూడడు, ఫోటోలే చూస్తాడు, తుప్పు కళ్ళకు కట్టాలి అని చెప్పి పంపింది.

కెమెరా ఉన్నది నా దగ్గర. ఆదివారం చర్చి అయ్యాక తీస్తానన్నాను. వీతో తలుపు తలుపూ తట్టి చెప్పాడు, ఆదివారం దొన్యా ప్రోవీ మన మెట్లు ఫోటో తీస్తుంది, జడ్జిగారు చూస్తారు అని. దొన్యా అంటే మా భాషలో అమ్మగారు.

అలా చెప్పడమే తప్పయింది. మావాళ్ళ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. ఇంటికి డాక్టరు వస్తున్నాడంటే రోగిని వదిలేసి నేల తుడిచే రకం మేము.

ఆదివారం నేను వీధి అవతల నిలబడి కెమెరా ఎత్తేసరికి మెట్లు పెళ్ళికూతురిలా ఉన్నాయి. కుండీలు లేవు, పరుపులు లేవు, పాత సైకిలు లేదు. శనివారం పొద్దున్నుంచీ ఆడా మగా కలిసి తీగ బ్రష్షుతో రుద్ది, నెరేయిదా మేనల్లుడు తెచ్చిన రెండు డబ్బాల నల్ల రంగు వేసేశారట. ప్రతి అరుగుకూ కాగితం పూలు కట్టారు. పైన మా ద్వీపం జెండా ఎగురుతోంది. కిటికీల్లో అందరూ ఆదివారం బట్టలతో నిలబడి నా వైపు నవ్వుతున్నారు.

వీతో నా పక్కనే నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. నెరేయిదాను కిందికి పిలిచి ఏం చేశావని అడిగాను.

"జడ్జి చూసేది మన గుమ్మం. పందుల్లా బతుకుతున్నారనుకోవాలా?" అంది. ఆమె గోళ్ళ సందుల్లో ఇంకా నల్ల రంగుంది.

సోమవారం లాయరమ్మ నేను తీసిన ఆ ఫోటోలు చూసి బల్ల మీద బోర్లించింది. ఇవి చూపిస్తే ఓనరే గెలుస్తాడు, గురువారంలోగా వేరేవి తీసుకురండి అంది.

ఎక్కడినుంచి తేవాలి? తుప్పు మీద వేసిన కొత్త రంగు వానకు ఆగదు, రెండు జల్లులు పడితే గోధుమరంగు నీళ్ళు కారతాయి. అది నాకు ఎలాదియో దగ్గర తెలిసిన సంగతే. సోమవారం, మంగళవారం ఆకాశం చూస్తూ గడిపాను. కిటికీ దగ్గరికి, మళ్ళీ పొయ్యి దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. బీన్సు రెండుసార్లు మాడ్చాను. మబ్బు తునక లేదు.

బుధవారం పొద్దున ఆయన పనిసంచీ దించి సుత్తి తీశాను. రంగు వేసే ముందు ఆయన ఇనుము కొట్టి వినేవాడు. గట్టిదైతే ఖంగుమంటుంది. పుచ్చినదైతే గుమ్మడికాయ మీద కొట్టినట్టుంటుంది. నెరేయిదా ఇంటికి వెళ్ళి కిటికీ ఎక్కాను. ఆమె నా గౌను వెనక రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు పడితే నన్నూ లాక్కుపోతావు, ముందే చెప్తున్నా" అంది.

అరుగును గోడకు పట్టి ఉంచే ఇనుప చేతులు నాలుగు. మొదటిది ఖంగుమంది. రెండోది కూడా. మూడోదాన్ని కొట్టగానే దబ్బుమంది. ఇంకో దెబ్బకు కొత్త రంగు పెచ్చు లేచింది. దాని కింద పాత రంగు, పాత రంగు కింద తెల్లటి లప్పం, గోడకు పెట్టే లప్పం. గోరుతో గీకితే రాలింది. ఇనుము ఉండాల్సిన చోట చెయ్యి పట్టేంత బొక్క. ఆ బొక్కలో కుక్కిన కాగితం. పైన పటారం, లోన లొటారం.

"ఎవడు చేశాడో గానీ వాడి చేతులు పడిపోను. నా మనవరాళ్ళని కాగితం మీద పడుకోబెట్టాడు" అంది నెరేయిదా నా వెనక నుంచి.

నేను కాగితం విప్పాను. స్పానిష్ పేపరు, గుర్రప్పందేల పేజీ. పైన తేదీ ఉంది, 1974 జూలై. గుర్రాల పేర్ల చుట్టూ పెన్సిలుతో సున్నాలు, ప్రతి సున్నాకూ మామిడికాయ తొడిమలా చిన్న తోక. ముప్పై ఒక్క ఏళ్ళు మా వంటింటి బల్ల మీద ఆ తోకల సున్నాలున్న పేపర్లే మడిచి పక్కన పెట్టి అన్నం వడ్డించాను. ఆ ఏడాది జూలైలోనే ఓనరు మాకు కలర్ టీవీ పంపాడు. ఎందుకని అడిగితే మా బిల్డింగు మెట్ల పని బాగా చేశానని ఎలాదియో చెప్పాడు. నా ముఖం వైపు చూడకుండా చెప్పాడు. టీవీ చూసిన సంబరంలో నేను అది పట్టించుకోలేదు.

ఫోటోలు తీశాను. ఒక్కోటీ మూడుసార్లు తీశాను. కాగితం దగ్గరగా పెట్టి కూడా తీశాను. తర్వాత దాన్ని మళ్ళీ బొక్కలోనే దూర్చాను. రీలు స్టూడియోలో ఇచ్చి, కడిగేలోగా ఒకచోట నిలబడలేక వీధులన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా ఆయన మెట్లే. ఎండ బాగుంది, నీడలు బాగున్నాయి. ఒక్కదాన్ని కూడా తలెత్తి సరిగా చూడలేకపోయాను.

సాయంత్రం అయిదు ఫోటోలు వీతోకు ఇచ్చాను. లప్పం, బొక్క, అందులో కాగితం కొస. దగ్గరగా తీసినది మాత్రం నా పర్సు లోపలి అరలో పెట్టుకున్నాను. అయిదూ చాలనుకున్నాను. పోయినవాడి పేరు ఎత్తకుండానే పని జరిగిపోతుందనుకున్నాను.

గురువారం కోర్టు గుమ్మంలో గార్డు నా సంచీలో సుత్తి చూసి, జడ్జి మీద అంత కోపమేంటి పెద్దమ్మా అన్నాడు. పొద్దున నాకు తెలియకుండానే సంచీలో వేసుకున్నట్టున్నాను. సుత్తి తీసుకుని చీటీ ఇచ్చాడు.

జడ్జి ఫోటోలు ఒక్కొక్కటే చూశాడు. ఓనరు తరఫు లాయరు లేచాడు. అతను గొంతు పెంచలేదు. మెట్లకు రంగేసింది శనివారం అద్దెవాళ్ళే కదా, వాళ్ళే ఒప్పుకుంటున్నారు కదా, మరి ఆ ఇనుము చెక్కి, కాగితం కుక్కి, పైన పూసింది మాత్రం వాళ్ళు కాదని నమ్మాలా అన్నాడు. ఆ కిటికీ ఎవరిదని అడిగాడు. నెరేయిదాను నిలబడమన్నాడు.

నెరేయిదా లేచి నిలబడింది. తన చేతులు చూసుకుంది. గోళ్ళలో ఆ నల్ల రంగు ఇంకా పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

నేను లేచాను. ఎవరూ పిలవలేదు. పర్సులోంచి ఆరో ఫోటో తీసి లాయరమ్మకు ఇచ్చాను.

"ఆ కాగితం నా మొగుడు పెట్టాడు" అన్నాను.

జడ్జి నన్ను ముందుకు రమ్మన్నాడు, ఎలా తెలుసని అడిగాడు. తోకల సున్నాల గురించి చెప్పాను. తేదీ చూపించాను. ఎలాదియో అప్పుడు ఓనరు దగ్గరే పనిచేసేవాడని, ఓనరు తన మెట్లన్నీ ఆయనకే అప్పగించేవాడని, ఆ నెలలో మా ఇంటికి టీవీ వచ్చిందని చెప్పాను. ఆ టీవీ ఇంకా పనిచేస్తోందా అని ఓనరు లాయరు ఎగతాళిగా అడిగాడు.

"చేస్తోంది. మీ మెట్లకన్నా గట్టిది" అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టి వచ్చి మళ్ళీ నా చోట కూర్చున్నాను.

జడ్జి ఎక్కువసేపు తీసుకోలేదు. మర్నాడే ఇన్‌స్పెక్టరు వెళ్ళాలి, పది రోజుల్లో ఇనుప చేతులన్నీ మార్చాలి, అప్పటిదాకా గుమ్మంలో పగలూ రాత్రీ కాపలా మనిషిని పెట్టాలి, ఆ ఖర్చు ఓనరుదే అన్నాడు.

బయట వరండాలో వీతో నా చెయ్యి నొక్కాడు. మంచి పని చేశారు దొన్యా ప్రోవీ అన్నాడు గానీ కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఎలాదియో శవపేటిక మోసిన ఆరుగురిలో అతనొకడు. నెరేయిదా నాకన్నా ముందు నడిచింది. మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ నా మోచెయ్యి పట్టుకునేది, ఈసారి పట్టుకోలేదు. ఆమె తిట్టిన తిట్టు ఆమెకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

గార్డుకు చీటీ ఇచ్చాను. అతను సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. నేను అందుకునేలోపు నెరేయిదా తీసుకుంది. బరువు చూస్తున్నట్టు అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"మా చెల్లెలి బిల్డింగు మెట్లకు కూడా ఆయనే రంగు వేశాడు కదూ?"

"వేశాడు. రెండో ఆల్బంలో ఉంది."

"దానికి నలుగురు పిల్లలు."

"తెలుసు."

ఆమె సుత్తిని నా సంచీలో వేయలేదు. తన సంచీలో వేసుకుని, భుజానికి ఎగదోసుకుని వీధి వైపు నడిచింది. నాలుగడుగులు వేశాక ఆగి వెనక్కి తిరిగింది.

"నిలబడ్డావేం? ఎండ ఉండగానే తీయాలని నువ్వే కదే అంటావు."

కెమెరాలో కొత్త రీలుంది, ముప్పై ఆరు ఫోటోలది. ఎలాదియో రంగు వేసిన మెట్లు అంతకన్నా చాలా ఎక్కువ. నేను అడుగులు పెద్దవి వేసి ఆమెను కలుసుకున్నాను.