దుర్గాబాయి నమ్మిన మిషను

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డైరెక్టరు గోపాలరావు అప్పుడే పత్రికలవాళ్లకు ఫోన్లు మొదలుపెట్టాడు. భవిత తల పట్టుకుంది. షామీర్‌పేట రోడ్డు మీద అద్దె మేడలో నడిచే ఆ చిన్న ప్రయోగశాలలో, రెండు వేల అయిదులో, ఉన్నదల్లా ఒక ఇన్‌ఫ్రారెడ్ మిషను, ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరుకు పాఠం చెప్పే భవిత.

రక్తాన్ని చూసి క్యాన్సరు ఉందో లేదో చెప్పడం వాళ్ల పని. వినడానికి సులువే. రక్తం నుంచి తీసిన సీరం చుక్క మీదికి కంటికి కనబడని కాంతిని పంపితే, అందులో ఏమేం ఉన్నాయో దాన్నిబట్టి తెర మీద ఒక వంకర గీత వస్తుంది. క్యాన్సరు రోగుల గీతలూ ఆరోగ్యవంతుల గీతలూ చూపిస్తే, తేడా ఎక్కడుందో ప్రోగ్రామే నేర్చుకుంటుంది. రోగుల రక్తం ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆరోగ్యవంతులది దూలపల్లిలో ఆదివారం పెట్టిన శిబిరం నుంచి వచ్చింది. ప్రోగ్రాం ఒక్క తప్పు కూడా చేయలేదు. భవితకు అనుమానం వచ్చింది అక్కడే.

"ఇంకోసారి చూద్దాం సార్" అంటే, "మంచి జరిగినా నీకు ఏడుపేనమ్మా" అన్నాడు గోపాలరావు.

ఆయన గోల ఒక ఎత్తు, దుర్గాబాయి మొండితనం ఒక ఎత్తు. ప్రయోగశాల జీపు నడిపే జంగయ్య భార్య ఆమె. రొమ్ములో గడ్డ తగిలి నెలలవుతోంది. పెద్దాసుపత్రిలో సూది పరీక్ష చేయించుకొమ్మని భవిత చెప్పి చెప్పి అలిసిపోయింది. ఇంతలో, భవిత సెలవులో ఉన్న రోజు చూసి, గోపాలరావు దుర్గాబాయి రక్తాన్ని మిషనులో పెట్టి "నీకేం లేదు పో" అని పంపించేశాడు. ఆ సంగతి విన్నప్పుడు భవితకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేడ్చల్ బస్ డిపో వెనకున్న వాళ్లింటికి పోయింది.

"మిషిన్ లేదన్నది గద బిడ్డా" అంది దుర్గాబాయి. "నువ్వు జేసిన మిషిన్‌ని నువ్వే నమ్మకుంటె మేమెట్ల నమ్మాలె?"

"అది ఇంకా పరీక్షలోనే ఉందమ్మా. ఆ రోజు ఏం తిని వచ్చారు?"

"ఏం తినలె. సూదంటె నాకు బుగులు. గందుకే ఒక సీస కల్లు తాగొచ్చిన."

గడపలో కూర్చున్న జంగయ్య అందుకున్నాడు. "శిబిరం నాడు గూడ గంతే మేడం. కల్లు కంపౌండు పక్కకు టెంటు ఏస్తేనే మంది దొరికిన్రు. లేకుంటె ఊకె నెత్తురెవలిస్తరు?"

భవితకు అప్పుడు వెలిగింది. ఆసుపత్రిలో పడున్న రోగులకు కల్లెక్కడిది? రక్తంలో కల్లు మత్తు ఉంటే గీతలో దాని గుర్తు ఉండనే ఉంటుంది. నెలల తరబడి తను కంప్యూటరుకు నేర్పింది క్యాన్సరు కాదు, కల్లు. మర్నాడు తన రక్తమే పెట్టి చూసుకుంది. కల్లు ముట్టని, నిక్షేపంగా ఉన్న మనిషికి "క్యాన్సరు" అని వచ్చింది. గోపాలరావుకు చూపిస్తే, "ఒక్కరి ఫలితం లెక్కలోకి రాదు" అని మళ్లీ ఫోను అందుకున్నాడు.

దుర్గాబాయికి కూడా విడమరిచి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "పెద్దసారు లేదన్నడు" అన్న మాట మీదే ఉందామె. విసిగి వేసారిన భవిత చివరికి, "సరే, రెండు రోజులు కల్లు ముట్టకుండా రండి. మిషనే చెప్తుంది" అంది.

దుర్గాబాయి జంగయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. తెర మీద "క్యాన్సరు" అని పడింది. కల్లు తాగని ఎవరికైనా అదే పడుతుందని తెలిసీ, భవిత నోరు మెదపకుండా తెరను ఆమెవైపు తిప్పింది. చదవడం రాకపోయినా, జంగయ్య మొహం చూసి దుర్గాబాయి విషయం అర్థం చేసుకుంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంటే భవితకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ వారమే ఆసుపత్రికి పోయారు. గడ్డ నిజంగా క్యాన్సరే. ఇంకా పాకలేదని, ఆపరేషన్ చేస్తే బతుకుతుందని డాక్టర్లు చెప్పారు. భవిత ఆ రోజు బాత్రూములోకి పోయి ఏడ్చింది. సంతోషమో సిగ్గో ఆమెకే తెలియలేదు.

"చూశావా, మన మిషను పట్టేసింది" అని గోపాలరావు ప్రయోగశాలంతా మిఠాయిలు పంచాడు.

ఆపరేషన్ అయిన తర్వాతి సోమవారం భవిత వచ్చేసరికి మేడ మెట్ల నిండా జనం. జంగయ్య ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"మా వాడకట్టోళ్లు మేడం. అందరికి జూడున్రి. మీరు చెప్పినట్లె రెండు దినాల సంది ఎవ్వలు గూడ కల్లు ముట్టలె."

ముందు నిలబడ్డ పడుచుపిల్ల అప్పటికే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని ఉంది. భవిత జంగయ్యను పక్కకు పిలిచి, ఆ మిషను కనిపెట్టేది కల్లునేనని, దుర్గాబాయికి చూపించింది అబద్ధమని చెప్పింది.

జంగయ్య నవ్వాడు. "గట్లనకున్రి మేడం. గది అబద్ధమైతె మా ఆడిది బతుకునా?" అని ఆ పిల్లను లోపలికి పంపించాడు.