చూడని పైకప్పుకు రాసిన పత్రం

లాయిడ్ ట్రాంటర్ తన కంపెనీని వంటింటి బల్ల మీద నుంచే నడిపేవాడు. కంపెనీ అంటే పాత షెడ్ల పైకప్పులు కడిగి రంగు వేసే నలుగురు మనుషులు, రెండు బండ్లు, ఒక ప్రింటరు. పైకెక్కే నలుగురికీ పెద్ద అతని భార్య నోలీన్. ఒకప్పుడు లాయిడే ఎక్కేవాడు. ఎనిమిదేళ్ల క్రితం అతని నడుము దెబ్బతిన్నాక నిచ్చెన నోలీన్ చేతికి, కాగితాలు లాయిడ్ చేతికి వచ్చాయి.

ఆ సోమవారం పొద్దున నోలీన్ చీజ్ శాండ్‌విచ్‌లు కాగితంలో చుట్టి, ఫ్లాస్కులో టీ పోసుకుంటోంది. లాయిడ్ కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాడు. అంతకు ముందు నెల రంగు వేసిన ఒక బడి హాలు తాలూకు భద్రతా పత్రం అది. పైనున్న చిరునామా చెరిపి, మిల్డ్యూరా శివార్లలోని నారింజ ప్యాకింగ్ షెడ్డు చిరునామా కొట్టాడు. తేదీ మార్చాడు. ప్రింటరు ఆరు పేజీలు కక్కింది.

"ఆ షెడ్డు చూసొచ్చావా?" అంది నోలీన్.

"రేకుల షెడ్డే కదా. బడి హాలూ రేకులదే."

"పోనీ ఇవాళ నాతో రా. కింద నిలబడి మా మీద అరుద్దువుగాని. అరవడానికి నడుముతో పని లేదుగా."

"నువ్వు అరుస్తున్నావు చాలు. ఇద్దరం అరిస్తే ఊరు ఖాళీ అవుతుంది."

నోలీన్ నవ్వి, అతని బట్టతల మీద ఒకటి తట్టి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ కాగితాలు ఏమిటో చెప్పాలి. రెండు మీటర్లకు మించిన ఎత్తున పని మొదలుపెట్టే ముందు ఒక పత్రం రాయాలని అక్కడి చట్టం. ఆ చోట ఏ ప్రమాదం ఉంది, దానికి ఏం చేస్తారు, ఎవరు చూసుకుంటారు, ఇవన్నీ పనివాళ్లతో మాట్లాడి రాయాలి. పనివాళ్లు చదివి సంతకం చేయాలి. కాగితంలో ఉన్నది ఒకటి, పైన కనపడేది ఒకటి అయితే పని ఆపాలి. ఇందులో అర్థం కానిదేదీ లేదు. లాయిడ్‌కు అంతా తెలుసు. తెలిసి ఎనిమిదేళ్లుగా చిరునామాలు మారుస్తున్నాడు. 'స్థలాన్ని స్వయంగా చూశాను' అన్న గడిలో టిక్కు ఎప్పుడో పెట్టింది అలాగే ఉండిపోయింది. ఫైలుతో పాటు అదీ వచ్చేది.

అతను వెళ్లకపోవడానికి ఒక కారణం ఉంది. భార్య నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడడం అతనికి నామోషీ. వాళ్లకు పనులిచ్చే కాంట్రాక్టరు డర్మట్ ఒకసారి అందరి ముందూ, "ఏం లాయిడ్, పెన్ను బరువుగా ఉందా, పట్టుకోమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత లాయిడ్ ఏ పనిచోటికీ పోలేదు. ఇది కారణం మాత్రమే. దీన్ని సాకుగా తీసుకోవద్దు.

షెడ్డు దగ్గర నోలీన్ కాగితాలను బండి బానెట్ మీద పరిచి, ఎగిరిపోకుండా టీ ఫ్లాస్కు బరువు పెట్టింది. ఇద్దరు చదవకుండానే సంతకం చేసి పైపులు దింపడానికి వెళ్లారు. మూడోవాడు టెవిటా. టోంగా దీవుల నుంచి వచ్చినవాడు, నలభై దాటినవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివినట్టే ఏ కాగితమైనా వేలు పెట్టి నెమ్మదిగా చదువుతాడు.

"బాస్, ఇందులో 'పిల్లల్ని ఆటలకి వదిలినప్పుడు పని ఆపాలి' అనుంది. ఇక్కడ పిల్లలెక్కడ?"

"నారింజకాయల్ని ఆటలకి వదుల్తారేమో," అన్నాడు పైపు దగ్గరివాడు.

"హెడ్మాస్టరు ఫోన్ నంబరు కూడా ఉంది."

"మా ఆయన బడి మధ్యలో మానేశాడులే. ఆ మోజు ఇంకా తీరలేదు," అంది నోలీన్. అందరూ నవ్వారు. టెవిటా కూడా నవ్వాడు కానీ వేలు తీయలేదు.

"ఇది వేరే చోటు కాగితం, బాస్."

"చోటు వేరైతే ఏం, రాసింది మా ఆయనేగా. ఇరవై ఏళ్లు కప్పుల మీద నడిచిన మనిషి. పెట్టు సంతకం. ఎండ ముదరకముందే దిగిపోదాం."

టెవిటా పెట్టాడు. అతని సంతకం కింద నోలీన్ పెట్టింది.

ఆ ప్రాంతంలో వేసవి మాడ్చేస్తుంది. పాత షెడ్లలో వెలుతురు కోసం ఇనుప రేకుల మధ్య ఫైబరు రేకులు వేసి ఉంటాయి. వాటిలోంచి ఎండ దిగుతోందని ఒకప్పుడు జనం వాటి మీద కూడా రంగు పూసేశారు. లోపల కాస్త చల్లబడింది. కొన్నేళ్లకు ఏది ఇనుమో ఏది ఫైబరో పైనుంచి చూస్తే తెలియకుండా పోయింది. ఎండకు ఎండి ఎండి ఆ ఫైబరు అప్పడంలా తయారవుతుంది.

నోలీన్ సంతకం పెట్టిన కాగితంలో, కప్పంతా గట్టి ఇనుము, చుట్టూ అంచుకు కంచె కడితే చాలు, తాళ్లూ బెల్టులూ అక్కర్లేదు అని రాసి ఉంది. బడి హాలు విషయంలో అది నిజమే.

పది గంటలకు నోలీన్ నీళ్ల గొట్టం చుడుతూ, "టీకి దిగుదాం, టెవిటా" అంది. గొట్టాన్ని లాగుతూ రెండడుగులు వెనక్కి వేసింది. మూడో అడుగుకు ఆమె కింద రేకు నిలవలేదు.

ఏడు మీటర్లు. కింద సిమెంటు నేల. టెవిటా దిగివచ్చేసరికి ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. అంబులెన్సు వచ్చేదాకా అతను ఆమె చెయ్యి పట్టుకుని తన భాషలో ప్రార్థన చేశాడు.

లాయిడ్ వచ్చేసరికి ఆమెను తీసుకుపోయారు. ప్రాణం పోయాకే తీసుకుపోయారు. షెడ్డంతా చీకటిగా ఉంది. ఒక్క చోట మాత్రం పైనుంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. అక్కడే కడుగుతున్నారు.

అతని పక్కన ఆ షెడ్డులోనే పనిచేసే సాంతో నిలబడి ఉన్నాడు. నారింజలు ఏరుతూ నలభై ఏళ్లుగా అక్కడే ఉన్న ముసలివాడు.

"ఆ రంగు మేమే పూశాం," అన్నాడు సాంతో. "నేనూ మా తమ్ముడూ. మొత్తం పదహారు రేకులు. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాను."

"మరి చెప్పలేదే?"

"ఎవరడిగారయ్యా?"

లాయిడ్ తలెత్తి కప్పులోని కంత వైపు చూశాడు.

మూడో రోజు డర్మట్ ఇంటికి వచ్చాడు. వాళ్లావిడ వండి పంపిన గొర్రె మాంసం తెచ్చి బల్ల మీద పెట్టాడు. లాయిడ్ కూతురు బ్రయనీ బెండిగోలో నర్సు. తల్లి బట్టలు సర్దుతూ లోపలి గదిలో ఉంది. డర్మట్ గొంతు తగ్గించాడు.

"విచారణకి వస్తారు లాయిడ్. ఆ పత్రం చూస్తే నీ పని అయిపోయినట్టే. పని ఇచ్చింది నేను కనక నాదీ అంతే. ఇల్లు పోతుంది, నువ్వు జైలుకి పోతావు. ఆ పిల్లకి ఇంక మిగిలింది నువ్వొక్కడివే."

"ఏం చేయమంటావు?"

డర్మట్ జేబులోంచి ఒక పేజీ తీశాడు. సోమవారం ఉదయం షెడ్డు దగ్గర, కప్పు మీద ఫైబరు రేకులున్నాయని నోలీన్‌కు చెప్పాను, కాలు పెట్టడానికి చెక్క పలకలు వేసుకోకుండా వాటి దగ్గరకు పోవద్దన్నాను, అని అందులో లాయిడ్ మాటగా కొట్టి ఉంది.

"ఒక్క పేజీ అంతే. ఆవిడకి ఇంక ఎవరేం చేస్తారు చెప్పు?"

లాయిడ్ సంతకం పెట్టాడు. చదివే పెట్టాడు. ఎనిమిదేళ్లలో అతను చదివి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలలూ ప్రభుత్వపు ఫైలులో నోలీన్ మొగుడి మాట వినకుండా చచ్చిపోయిన మనిషిగా ఉంది. ఊళ్లో కూడా ఆ మాట పాకింది. దుకాణంలో ఒకామె, "పాపం, ఎంత చెప్పినా వినేది కాదట కదా" అని బ్రయనీతోనే అంది.

మరణ విచారణ రోజున డర్మట్ తరఫు లాయరు ఆ పేజీని అందరికీ వినిపించేలా చదివి, బోనులో ఉన్న టెవిటా వైపు తిరిగాడు.

"ఈ హెచ్చరిక మీరు వినలేదంటారు."

"లేదండి. లాయిడ్ ఆ రోజు అసలు రాలేదు."

"మీకు ఇంగ్లిషు అంతంత మాత్రమే కదా?"

"నెమ్మదిగా చదువుతానండి. కానీ చదువుతాను. ఆ పత్రం వేరే చోటుదని చెప్పింది నేనే."

"చెప్పి, సంతకం పెట్టారు."

"పెట్టానండి." టెవిటా తల దించుకున్నాడు. "రోజూ అదే గుర్తొస్తుంది."

"సరే. అయితే మీరు అబద్ధమైనా చెబుతుండాలి, లేదా భర్త చేసిన హెచ్చరికను ఆవిడ లెక్కచేయకపోయి ఉండాలి. రెంటిలో ఏది?"

టెవిటా లాయిడ్ వైపు చూశాడు. బ్రయనీ కూడా తండ్రి వైపు చూసింది. ఎవరి గురించి ఏం చెబుతాడోనని కాదు. ఏమీ చెప్పకుండా ఎంతసేపు కూర్చుంటాడోనని.

లాయిడ్ కుర్చీ పట్టుకుని లేచాడు.

"కూర్చోండి. మీ వంతు వస్తుంది," అంది విచారణ జరుపుతున్న న్యాయాధికారిణి.

"నా వంతు పోయిన ఏడే వచ్చింది మేడమ్. అప్పుడు అబద్ధం చెప్పాను." అతను టెవిటా వైపు చెయ్యి చూపించాడు. "టెవిటా చెప్పింది నిజం. నోలీన్‌కి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పేజీ ఆమె పోయిన మూడో రోజున మా వంటింట్లో తయారైంది. డర్మట్ తెచ్చాడు, నేను సంతకం పెట్టాను."

లాయరు ఏదో అనబోయాడు. న్యాయాధికారిణి చేత్తో ఆపింది.

"అసలు పత్రం రాసిందెవరు?"

"నేనే. అది బడి హాలుది. చిరునామా మార్చాను."

"ఆ షెడ్డు మీ ఇంటికి ఎంత దూరం?"

"బండి మీద పదకొండు నిమిషాలు."

"ఎప్పుడైనా వెళ్లారా?"

"వెళ్లాను. అంబులెన్సు వెళ్లిపోయాక."

"మీ భార్యకి ఆ పనిలో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. ఆవిడ చదవకుండా ఎందుకు సంతకం పెట్టారు?"

లాయిడ్ కూతురి వైపు తిరిగాడు.

"నేను రాశానని," అన్నాడు.

బ్రయనీ లేచి బయటికి నడిచింది. తండ్రి పక్కనుంచే వెళ్లింది, ఆగలేదు. తల్లి పేరు మీద పడ్డ మచ్చ ఆ రోజు పోయింది. తండ్రి కూతురికి దక్కలేదు. ఇప్పటికీ ఆమె అతని ఫోను ఎత్తదు. ఎత్తమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. తప్పుడు వాంగ్మూలానికి లాయిడ్ మీదా డర్మట్ మీదా కేసులు నడిచాయి. డర్మట్ లాయర్లను పెట్టుకున్నాడు. లాయిడ్ ఎవర్నీ పెట్టుకోలేదు.

నెల తర్వాత న్యాయాధికారిణి తన తీర్పు చదివింది. హాల్లో టెవిటా ఉన్నాడు, సాంతో ఉన్నాడు, ఇలాంటి పనులు చేసేవాళ్లు ఎందరో ముందు వరుసల్లో ఉన్నారు, చివరి వరుసలో లాయిడ్ ఒక్కడే ఉన్నాడు.

"నోలీన్ ట్రాంటర్ ఏ హెచ్చరికనూ పెడచెవిన పెట్టలేదు. ఆమెను హెచ్చరించినవారే లేరు. పైకప్పు ఎక్కే మనిషికి భద్రతా పత్రమంటే, తనకంటే ముందు ఒకరు వెళ్లి ఆ చోటు చూసి వచ్చారన్న మాట. ఇక్కడ ఎవరూ వెళ్లలేదు. మాట మాత్రం ఇచ్చారు. ఆ కప్పు సంగతి తెలిసిన మనిషి రోజూ ఆ కప్పు కిందే ఉన్నాడు. ఒక్క ప్రశ్న అడిగితే చెప్పేవాడు."

ఆమె కాగితం పక్కన పెట్టి, రంగుల పని, రేకుల పని చేసే మనుషులు కూర్చున్న వరుసల వైపు చూసింది.

"చూడని చోటు భద్రంగా ఉందని రాసేవాడు, ఆ రాతను నమ్మి పైకెక్కే మనిషి చావు మీద ముందుగానే సంతకం పెడుతున్నాడు."