పక్క సీటు కింది రేకు

అంట్లు తోముతుంటే పిలిచాడు మా బావ, నా మొగుడు ధనరాజ్. చేతులు కడుక్కోనివ్వలేదు. కింద పానా పట్టుకోవాలన్నాడు. సబ్బు చేతులు చీరకి తుడుచుకుని కారు కిందకి దూరాను.

ఈ పని నాకు కొత్త కాదు. పాత మారుతి కారు ఒకటి తెచ్చి, లోపలున్నదంతా పీకి, దాన్ని రేసు కారు చేస్తానని కూర్చున్నప్పటి నుంచీ నెల్లిమర్లలో మా పెరడు పెరడు కాదు. బట్టలారేసుకునే తాడు పోయింది. కాళ్లు కడుక్కునే చోటు పోయింది. పొద్దంతా మిల్లులో గోనెసంచులు కుట్టి, ఇంటికొచ్చి వంట చేసి, ఆ మీదట కారుకి కూడా నేనే కూలీని. లోపల కూర్చుని బోల్టు బిగించేది ఆయన. కింద వెల్లకిలా పడుకుని నట్టు తిరక్కుండా పట్టుకునేది నేను. వీధిలో మాత్రం ధనరాజ్ ఒక్కడే కట్టిన కారు. నేను నోరెత్తితే మా అత్త సుభద్రమ్మ అందుకుంటుంది, మగోడికి తాగుడు లేదు, తిరుగుడు లేదు, ఒక్క సరదా ఉంటే దానికీ ఏడుస్తావేటని. మొగుడు తాగకపోతే ఆ అప్పు పెళ్లాం జన్మంతా తీర్చాలి కాబోలు.

అయితే ఆ వారం ఆయన పిలుపే మారింది. పెళ్లయిన దగ్గర్నుంచి "ఒసే" తప్ప ఎరగని నోరు "ఈశ్వరీ" అంటోంది. పులుసు బాగుందన్నాడు. నాకు భయమేసింది. మా ఇంట్లో మెచ్చుకోలు ఊరికే రాదు, దాని వెనకాల ఏదో ఉంటుంది.

ఉన్నది బయటపడింది. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మీద ఏదో క్లబ్బువాళ్లు కార్ల పందెం పెట్టారు. కారుకి ఇద్దరుండాలి. ఒకరు తోలాలి, పక్కనున్నవాళ్లు మలుపులు చెప్పాలి. నన్ను పక్కన కూర్చోమన్నాడు. మొగుడూ పెళ్లాం జోడీ ఇంకెవరూ లేరట, పేపర్లో ఫొటో వేస్తారట. సినిమాకి తీసుకెళ్తే ఎవరో తెలియనట్టు ముందు నడిచిపోయే మనిషికి నన్ను పక్కన కూర్చోబెట్టుకోవాలని ఎందుకు పుట్టింది? ఆ కారుకి మొదట్నుంచీ వెల్డింగ్ చేసిన స్నేహితుడు జోగయ్య ఉన్నాడు. పక్క సీటు అతనిదేనని మొన్నటి దాకా ఇద్దరూ అనుకున్నదే. ఇప్పుడేమో నడుం నొప్పట. ఆ నొప్పి మనిషి నిన్ననే గ్యాస్ బండ భుజానేసుకుని మా గుమ్మం ముందు నుంచే పోయాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

తన సీటు అంతకు ముందు ఆదివారమే బిగించుకున్నాడు ధనరాజ్. అప్పుడు అరచేయంత ఇనప పలకలు నా చేతికిచ్చి, కారు అడుగు రేకు కింద బోల్టుకొకటి పెట్టమన్నాడు. ఇవెందుకని అడిగాను. మంచి హుషారులో ఉన్నాడేమో, విడమరిచి చెప్పాడు.

"కారు దేన్నేనా గుద్దిందనుకో, మనిషి బరువంతా బెల్టు మీద పడతాది. బెల్టు తెగదు. కింద రేకు సిరుగుతాది. పలకుంటే ఆపుతాది. లేపోతే సీటూ మనిషీ కలిసి అద్దంలోంచి ఎల్లిపోతారు."

అంట్ల దగ్గర్నుంచి పిలిచిన ఈ ఆదివారం నా సీటు. పలకల కోసం చెయ్యి చాపాను. రూపాయి బిళ్లంత వాషర్లు పడ్డాయి చేతిలో.

"పలకలేవి బావా?"

"అయిపోయాయి. ఇయ్యి సాల్తాయి."

"మరి నీ సీటుకి ఏసావు?"

"తోలేవోడు గట్టిగుండాల కదే. నువ్వేటి బరువు, పిట్టంత. పట్టుకో."

పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. చేతులకి అలవాటు. గోరుతో గీకితే ఆ రేకు తుప్పు పొలుసులుగా నా కళ్లలో రాలింది. పైన ఆయన ఈల వేస్తున్నాడు. నా మొగుడు నన్ను చంపాలనుకున్నాడా అని కింద పడుకుని చాలాసేపు ఆలోచించాను. లేదు. చంపాలనుకునేవాడికి మనిషి గుర్తుంటుంది. ఈయనకి పలకలు అయిపోయాయి, అంతే.

పందేనికి ముందు ఒక చుట్టు తోలి చూద్దామన్న రోజు వీధంతా వచ్చింది. అత్త కొబ్బరికాయ కొట్టింది. నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టి, భుజాల మీంచి రెండు పట్టీలు, నడుం చుట్టూ రెండు పట్టీలు లాగి బిగించాడు ధనరాజ్. ఊపిరాడలేదు. అందరూ ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీస్తున్నారు. జోగయ్య ఒక్కడే టైరు కేసి చూస్తున్నాడు.

నేను పట్టీలు విప్పుకుని దిగాను.

"ముందు నువ్వు ఈ సీట్లో కూకో బావా. జోగయ్య తోలతాడు. గట్టిగా తోలి, గట్టిగా బ్రేకెయ్యమందాం. తరవాత నానెక్కుతాను."

ధనరాజ్ నవ్వాడు. నాతోపాటు జోగయ్య కూడా నవ్వలేదు. పెళ్లాం ముచ్చట పడతన్నాది ఎక్కరా అంది అత్త. వీధిలోవాళ్లూ ఎక్కమన్నారు. ఆయన తలుపు పట్టుకుని సీటు కేసి చూశాడు, జోగయ్య కేసి చూశాడు.

"ఆ సీట్లోనా?" అన్నాడు. "పలకలెయ్యలేదు కదే. ఏదేనా అయితే సచ్చిపోనూ?"

అన్నాక తన మాట తనకే వినబడింది. ఎవరూ ఫొటో తియ్యలేదు. నేను జోగయ్య వైపు తిరిగాను, ఈ సీటు సంగతి నీకు ముందే తెలుసు కదా, అందుకే కదా ఆ నడుం నొప్పి అన్నాను. "ఆలుమగల మద్దిన నానేటి సెప్తాను వదినా" అన్నాడు.

అత్తకి ఏదో తేడా తెలిసింది, ఏమిటో తెలియలేదు. నా రెక్క పట్టుకుని, నలుగుర్లో ఎందుకు, లోపలికి పద, ఇంట్లో మాటాడుకుందాం అంది. నా బతుకులో మాటలన్నీ ఆ ఇంట్లోకే పోయాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"నువ్వెల్లత్తా. నాకు వీధిలోనే పనున్నాది" అన్నాను.

ఏటి పలకలు, ఏటి పలకలని అడుగుతున్నారు ఆడవాళ్లు. అరుగు మీద కూర్చున్నాను. మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.